స్లాబు వేయకముందే గీయాల్సిన నెట్‌వర్క్

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఒక మూడంతస్తుల భవనం లేస్తుంటే, స్లాబు వేసే ముందురోజు అక్కడ సెంట్రింగ్ మేస్త్రీ ఉంటాడు, కడ్డీలు కట్టే పనివాళ్లు ఉంటారు, ఫ్యాన్లకూ లైట్లకూ పైపులు పరిచే ఎలక్ట్రీషియన్ ఉంటాడు. కంప్యూటర్ నెట్‌వర్క్ గురించి ఆలోచించే మనిషి మాత్రం ఉండడు. అతనికి కబురు వెళ్లేది ఆరు నెలల తర్వాత, గోడలకు రంగులు పూర్తయి, బల్లలు దిగి, ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టుకున్నాక. అప్పటికి అతను చేయగలిగేది గోడ అంచుల వెంట తెల్లటి కేసింగ్ పట్టీలు బిగించడం, తలుపు చట్రానికి రంధ్రం చేయడం, చివరి బల్ల దాకా తీగ చాలకపోతే మధ్యలో ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ (ఒక తీగను పలు యంత్రాలకు పంచే పెట్టె) వేలాడదీయడం.

ఈ ఆలస్యానికి చెల్లించే మూల్యం పెద్దది. నెట్‌వర్క్‌లో ఉండే వస్తువులు రెండు రకాలు. రౌటర్, స్విచ్, వైఫై పరికరం వంటి పెట్టెలు అయిదారేళ్లకు పాతబడతాయి. పాడైతే గంటలో కొత్తది బిగించవచ్చు. గోడలోపలి తీగ, స్లాబులోని పైపు, స్విచ్‌లు బిగించే ర్యాక్ అనే చట్రం కోసం వదిలిన చోటు, ఎర్తింగు మాత్రం పదిహేను ఇరవై ఏళ్లు అక్కడే ఉంటాయి. వాటిని మార్చాలంటే గోడ పగలాలి, ఆఫీసు మూతపడాలి. కొనుగోళ్లలో జరిగేది మాత్రం తలకిందులు. పెట్టె ఏ కంపెనీదో, దానికి యాంటెన్నాలు ఎన్నో గంటసేపు చర్చిస్తారు. తీగ సంగతి ‘ఏదో ఒకటి వేసేయండి’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆరు కుర్చీల ఆఫీసుకైనా ఆరు వందల కుర్చీల కళాశాలకైనా, తర్వాత మార్చలేనిదాని మీద ముందుగా డబ్బూ శ్రద్ధా పెట్టడమే నెట్‌వర్క్ అమరికలో అసలు పని.

‘కంప్యూటర్లు ఎన్ని?’ అని అందరూ మొదట అడుగుతారు. అది మూడో ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న దూరం. రాగి నెట్‌వర్క్ తీగకు 100 మీటర్లు హద్దు. అందులో 90 మీటర్లు గోడలో స్థిరంగా ఉండే తీగకు, మిగతా 10 మీటర్లు రెండు చివర్లా తగిలించే చిన్న ప్యాచ్ తీగలకు. ఈ లెక్క భవనం నక్షా మీద స్కేలు పెట్టి కొలిస్తే తప్పిపోతుంది. తీగ గోడ ఎక్కుతుంది, దూలం చుట్టి వస్తుంది, మెట్ల పక్కన దిగుతుంది. కాగితం మీద 60 మీటర్లు కనిపించిన దూరం చేతిలో 85 మీటర్లు అవుతుంది. రెండో ప్రశ్న, ఏది ఆగితే ఆ ఆఫీసులో పని ఆగిపోతుంది అన్నది. బిల్లింగ్ కౌంటరా, స్కానింగ్ యంత్రమా, గేటు దగ్గర లారీలను తూచే వేబ్రిడ్జా? ఈ రెండూ తేలాక కంప్యూటర్ల సంఖ్య తనంతట తాను తన చోటులో కూర్చుంటుంది.

నేటి తీగ నెట్‌వర్క్‌లకు ఆధారమైన ఈథర్‌నెట్ ఆలోచన 1973లో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో ఇంజినీరు రాబర్ట్ మెట్‌కాఫ్ కాగితం మీద పుట్టినప్పుడు, కేబుల్ టీవీ తీగ లాంటి ఒకే పొడవాటి కోయాక్సియల్ తీగకు యంత్రాలన్నీ వరసగా తగిలించడమే దాని రూపం. తర్వాత ఆఫీసుల్లోకి వచ్చిన సన్న కోయాక్సియల్ రకంలో ఒక్కో ముక్క 185 మీటర్ల వరకు, దానిమీద 30 యంత్రాల వరకు ఉండేవి. ఎవరి బల్ల కిందో ఒక జాయింటు ఊడితే వరస మొత్తం పడిపోయేది. ఆ ఇబ్బంది వల్లనే ప్రతి బల్లకూ సొంత తీగ, ఆ తీగలన్నీ వచ్చి కలిసే చోట ఒక స్విచ్ అనే పద్ధతి స్థిరపడింది. ఒక తీగ తెగితే ఒక్క మనిషి పనే ఆగుతుంది. ఇది తెలిసిన సంగతే. అయినా పాత రోగం కొత్త రూపంలో మన ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. పోర్టు, అంటే తీగ గుచ్చే గూడు, చాలని ప్రతిసారీ అయిదు పోర్టుల స్విచ్ ఒకటి కొని, ఉన్న స్విచ్‌కు తోకలా తగిలిస్తారు. ఏడాది తిరిగేసరికి తోకకు తోక, దానికి మరో తోక. మధ్యలోని చిన్న స్విచ్ అడాప్టర్‌ను ఎవరో ఫోను చార్జింగ్ కోసం ప్లగ్గు నుంచి తీస్తారు, దాని అవతలి వాళ్లందరికీ నెట్ పోతుంది. కారణం వెతకడానికి సగం రోజు పడుతుంది.

అందుకే చిన్న ఆఫీసు నుంచే మొదలుపెట్టాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర మొదటి అంతస్తులో ఒక ఆడిటర్ ఆఫీసు ఉందనుకుందాం. ఆరుగురు మనుషులు, ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక కంప్యూటర్ మీద అందరూ కలిసి వాడే ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్. జీఎస్టీ నెలవారీ రిటర్నుకు 20వ తేదీ గడువు కాబట్టి, నెలలో ఆ రెండు మూడు రోజులు ఆఫీసు ఊపిరి నెట్ మీదే ఉంటుంది. ఇలాంటి చోట సాధారణంగా కనిపించే అమరిక ఇది: ఫైబర్ తీగ బాల్కనీలోంచి లోపలికి వస్తుంది కాబట్టి ఫైబర్ బాక్సు బాల్కనీ తలుపు పక్కనే ఉంటుంది, దాని వైఫైతోనే ఆరు కంప్యూటర్లూ నడుస్తాయి, ట్యాలీ కూడా గాలిలోనే నడుస్తుంది.

ఫోన్లకు వైఫై సరిపోతుంది. కదలని కంప్యూటర్‌కు తీగే సరైనది. ముఖ్యంగా ఒక యంత్రంలోని లెక్కల ఫైళ్లను అయిదుగురు ఒకేసారి తెరిచి రాసే పనిలో, సగం రాత మధ్య సంబంధం తెగితే ఆ ఫైళ్లు చెడే ప్రమాదం ఉంది. ఎనిమిది పోర్టుల గిగాబిట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్లు పంపే) స్విచ్ ఆరు కంప్యూటర్లకు సరిపోతుందని అనిపిస్తుంది గానీ, ప్రింటర్ ఒకటి, రౌటర్‌కు వెళ్లే తీగ ఒకటి కలిపితే ఎనిమిదీ నిండిపోయాయి. ఏడో మనిషి చేరిన రోజున తోక స్విచ్ వస్తుంది. పదహారు పోర్టులది మొదటే కొనడం మేలు. ప్రతి బల్ల దగ్గరికీ ఒక్క తీగ చాలినా రెండు లాగాలి. పైపు తెరిచి ఉన్నప్పుడు రెండో తీగకు అయ్యేది తీగ ఖరీదే. పైపు మూసుకున్నాక దానికి కూలీ, సున్నం, రంగు, పోయిన పనిరోజు అన్నీ కలుస్తాయి. ప్రింటర్‌కు మారని ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య) ఇవ్వాలి. రౌటర్ ఆపి మళ్లీ వేశాక ప్రింటర్ చిరునామా మారిపోయి ‘ప్రింటు రావడం లేదు’ అనే ఫిర్యాదు మొదలవడం ఆ ఒక్క పని చేయకపోవడం వల్లే.

ఇక కరెంటు. కంప్యూటర్లన్నింటికీ యూపీఎస్ ఉంటుంది, బాల్కనీలోని ఫైబర్ బాక్సుకు ఉండదు. కరెంటు పోగానే ఆరు తెరలూ వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు. పది పదిహేను వాట్లు మాత్రమే తినే ఆ పెట్టెనూ స్విచ్‌నూ ఇన్వర్టర్ లైనుకు కలిపితే సమస్య అక్కడితో తీరిపోతుంది. ఇంత చిన్న సంగతి ఇన్ని ఆఫీసుల్లో మరుగున పడిపోవడం బాధ కలిగిస్తుంది. ఫైబర్ తెగిన రోజు కోసం సిమ్ కార్డు వేసే 4జీ రౌటర్ ఒకటి ఉంచుకుంటే ఈ స్థాయి ఆఫీసుకు రెండో దారి కూడా దొరికినట్టే. ఆ సిమ్ మొదటి ఫైబర్ ఇచ్చిన కంపెనీది కాకుండా చూసుకోవాలి. ఒకే కంపెనీ రెండూ ఇస్తే తెగేటప్పుడు రెండూ ఒకేసారి తెగవచ్చు.

వైఫై దగ్గర కొంత ఆగాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. వైఫై వాడే రేడియో పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు మూడే: 1, 6, 11. మార్కెట్ వీధిలో కింద బట్టల దుకాణం, పక్కన మెడికల్ షాపు, పైన ట్యూషన్ సెంటర్ అందరూ ఆ మూడింటినే పంచుకోవాలి. అందుకే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే పేజీ తెరుచుకోదు. అది సిగ్నల్ లేకపోవడం కాదు, సంతలో అందరూ ఒకేసారి మాట్లాడటం. ‘పవర్ ఎక్కువ’ ఉన్న రౌటర్ తెస్తే ఆ సంతలో మరో పెద్ద గొంతు చేరుతుంది, అంతే. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చానళ్లు చాలా ఎక్కువ, వేగమూ ఎక్కువ; కానీ గోడ దాటే శక్తి తక్కువ. పాత మేడల్లో అడుగు, అడుగున్నర మందమున్న సున్నపు గోడలను అది దాటలేదు. కాబట్టి ఒక బలమైన పెట్టె కన్నా, గదికో హాలుకో ఒకటిగా తక్కువ శక్తితో నడిచే రెండు మూడు పెట్టెలు నయం. వాటికి తీగ ద్వారానే నెట్ అందాలి. ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు గాలిలోనే సిగ్నల్ అందించే రిపీటర్లు, ఒకే రేడియో మీద వినడం, చెప్పడం రెండూ చేయాలి కనుక వేగాన్ని దాదాపు సగానికి కోసేస్తాయి. వైఫై బాగుండాలంటే స్లాబు మధ్యలో, ఫ్యాను హుక్కు పక్కన ఒక నెట్‌వర్క్ పాయింటు కావాలి. మళ్లీ స్లాబు వేసే రోజు దగ్గరికే వస్తాం.

మధ్యస్థాయి ఆఫీసు స్వభావమే వేరు. శ్రీకాకుళంలో మూడంతస్తుల ఆసుపత్రి ఒకటి ఊహిద్దాం. కింద రిజిస్ట్రేషన్, బిల్లింగ్, మందుల దుకాణం, స్కానింగ్. మొదటి అంతస్తులో వార్డులు. రెండో అంతస్తులో ఆపరేషన్ గదులు, పరిపాలన విభాగం. నలభై కంప్యూటర్లు, ఇరవై సీసీ కెమెరాలు, వేలిముద్రల హాజరు యంత్రాలు రెండు, వచ్చే పోయే వాళ్ల ఫోన్లు లెక్కలేనన్ని. ఇక్కడ తీగలన్నీ ఒకే చోటికి లాగితే కింది గదిలో తీగల మోపు తయారవుతుంది, దూరాలూ 90 మీటర్లు దాటవచ్చు. అంతస్తుకొక చిన్న ర్యాక్, వాటి నుంచి ప్రధాన ర్యాక్‌కు ఒక్కొక్క ఫైబర్ జత అన్నది తగిన రూపం. ర్యాకులు ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చేలా ప్రతి స్లాబులోనూ ఒకే చోట నాలుగంగుళాల రంధ్రం వదిలితే సరిపోతుంది. ఆ చోటు బాత్‌రూము గోడకు ఆనుకుని ఉండకూడదు. తేమ ఎక్కువగా ఉండే ఈ కోస్తా ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఆసుపత్రిలో అసలు బరువు స్కానింగ్ చిత్రాలది. ఒక సీటీ పరీక్ష చిత్రాలన్నీ కలిసి 500 మెగాబైట్లు ఉంటే, గిగాబిట్ దారిలో డాక్టరు తెర మీదికి నాలుగైదు సెకన్లలో వస్తాయి. 100 మెగాబిట్ దారిలో కనీసం 40 సెకన్లు పడుతుంది. స్విచ్ గిగాబిట్‌దే, కంప్యూటర్ గిగాబిట్‌దే, అయినా 40 సెకన్లు పట్టే సందర్భాలు ఉంటాయి. నెట్‌వర్క్ తీగలో ఎనిమిది తీగపోగులు నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. క్రింపింగ్ (తీగ కొసకు కనెక్టర్ బిగించడం) సరిగ్గా చేయక, మిగతా రెండు జతల్లో ఒక్క పోగు తగలకపోయినా చాలా పరికరాలు నోరెత్తకుండా 100కు దిగిపోతాయి. నెట్ పనిచేస్తూనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. చాలా స్విచ్‌లలో పోర్టు దీపం రంగు మారడం ఒక్కటే దానికి గుర్తు. పని అప్పగించేటప్పుడు ప్రతి పోర్టు వేగాన్నీ చూపించమని అడగడం యజమాని హక్కు. ‘నెట్ వస్తోంది కదా’ అన్నది దానికి జవాబు కాదు. జతల మెలికను కనెక్టర్ దగ్గర అరంగుళానికి మించి విప్పకూడదన్న నియమం కూడా ఇందుకే. మెలిక విప్పిన మేర పక్క జతల గోల దానిలోకి దూరుతుంది.

ఇదే ఆసుపత్రి వరండాలో మరో చిత్రం కనిపిస్తుంది. ఉదయం పదకొండు గంటలకు ఓపీ కిక్కిరిసి ఉన్నప్పుడు బిల్లింగ్ కంప్యూటర్‌కు నెట్ అందదు. 192.168.1 తో మొదలయ్యే మామూలు చిరునామాల గుంపులో యంత్రాలకు ఇవ్వగలిగేవి 254 మాత్రమే. వైఫైకి తగిలిన ప్రతి ఫోనూ ఒక చిరునామా తీసుకుంటుంది. గడువు 24 గంటలని పెట్టి ఉంటే, పేషెంటు ఆటో ఎక్కి ఆమదాలవలస వెళ్లిపోయినా ఆ చిరునామా మరుసటి రోజు దాకా అతని పేరునే ఉంటుంది. మధ్యాహ్నానికి గుంపు ఖాళీ. మందు రెండు భాగాలు. వచ్చిపోయేవాళ్ల గుంపు వేరు చేసి, అక్కడ చిరునామా గడువును గంటకో రెండు గంటలకో తగ్గించాలి. బిల్లింగ్, స్కానింగ్, కెమెరాలు ఒక్కొక్కటీ తమ తమ గుంపుల్లో ఉండాలి.

ఇలా ఒకే స్విచ్ మీద కనిపించని గోడలు కట్టడాన్ని వీలాన్ అంటారు. 802.1క్యూ అనే ప్రమాణం ప్రకారం ప్రతి సమాచార పొట్లం మీదా గుంపు సంఖ్య ముద్ర పడుతుంది. 4094 గుంపుల దాకా చేయవచ్చు. ఆసుపత్రికి అయిదారు చాలు. గుంపు సంఖ్యనూ చిరునామానూ జత కలిపితే మనుషులకు గుర్తుంటుంది: బిల్లింగ్‌కు 10వ గుంపు, 10.20.10 తో మొదలయ్యే చిరునామాలు. స్కానింగ్‌కు 20వది, 10.20.20, కెమెరాలకు 30, ఫోన్లకు 40. చిరునామా చూడగానే అది ఏ యంత్రమో తెలిసిపోతుంది. 192.168.1 ను వదిలేయడానికి మరో కారణం కూడా ఉంది. ఇళ్లలోని రౌటర్లు చాలావరకు ఆ చిరునామాలతోనే వస్తాయి. డాక్టరు రాత్రి ఇంటి నుంచి వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి) ద్వారా ఆసుపత్రి సర్వర్ తెరవబోతే, ఇంట్లోనూ అక్కడా ఒకే చిరునామాలు ఉండి కంప్యూటర్‌కు ఎటు వెళ్లాలో తోచదు. చిరునామాల పద్ధతి గోడలోని తీగ లాంటిదే. మొదటి రోజు కాగితం మీద అయిదు నిమిషాల పని, రెండేళ్ల తర్వాత మార్చాలంటే ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్లాలి.

కెమెరాలను వేరు చేయడం భద్రత కోసం కూడా. చవక కెమెరాల సాఫ్ట్‌వేర్‌కు నవీకరణలు రావడం అరుదు, వాటి పాస్‌వర్డు మార్చేవాళ్లు అంతకన్నా అరుదు. అలాంటి యంత్రం, రోగుల వివరాలున్న సర్వర్‌తో ఒకే గదిలో కూర్చోకూడదు. కెమెరాలకు నెట్ తీగలోనే కరెంటు కూడా అందించే పీఓఈ స్విచ్ వాడితే, గోడ మీద వేరే ప్లగ్గులు అక్కర్లేదు. ఒక్క యూపీఎస్‌తో అన్నీ బతుకుతాయి. 2003లో వచ్చిన మొదటి ప్రమాణంలో ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, 2009 నాటిదాంట్లో 30 వాట్లు. అయితే 24 పోర్టుల పీఓఈ స్విచ్ అన్నంత మాత్రాన 24 పోర్టులూ నిండా కరెంటు ఇస్తాయని కాదు. స్విచ్ మొత్తం ఇవ్వగలిగిన వాట్లు వేరుగా రాసి ఉంటాయి. కెమెరాకు 8 వాట్ల చొప్పున ఇరవైకి 160, నాలుగు వైఫై పెట్టెలకు 15 చొప్పున 60, వెరసి 220 వాట్లు. 190 వాట్ల స్విచ్ కొంటే, చీకటి పడి కెమెరాల్లో రాత్రి దీపాలు వెలిగే వేళకు కొన్ని పోర్టులు ఆరిపోతాయి. పగలు ఎవరు వచ్చి చూసినా అంతా బాగానే ఉంటుంది.

మధ్యస్థాయి ఆఫీసులో ఒక్కసారిగా అంతా ఆగిపోయే ప్రమాదానికి ఎక్కువసార్లు ఒక మంచి మనిషే కారణం. సాయంత్రం ఊడ్చేటప్పుడు నేల మీద వేలాడుతున్న తీగ కొసను చూసి, ఊడిపోయిందనుకుని, ఖాళీగా కనిపించిన పోర్టులో గుచ్చుతారు. ఆ తీగ రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంటే వలయం ఏర్పడుతుంది. ‘అందరికీ’ అని పంపే పొట్లాలు ఆ వలయంలో ఆగకుండా తిరుగుతూ పెరుగుతూ, క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తాన్ని ముంచేస్తాయి. దీనికి 1985లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ పరిష్కారం చూపించారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, వలయం లేని చెట్టు ఆకారాన్ని తేల్చుకుని, ఎక్కువైన దారిని తామే మూసేసుకునే స్పానింగ్ ట్రీ పద్ధతి అది. చవక స్విచ్‌లలో ఇది ఉండదు. నిర్వహణ సదుపాయం ఉన్న, అంటే సెట్టింగులు మార్చుకోగలిగే స్విచ్‌లలో ఉంటుంది, కానీ ఆన్ అయి ఉందో లేదో చూసుకోవాలి. పది మంది దాటిన ఆఫీసుకు నిర్వహణ సదుపాయం ఉన్న స్విచ్ విలాసం కాదు.

తీగ గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది. 305 మీటర్ల చుట్ట డబ్బా మీద క్యాట్ 6 (నెట్‌వర్క్ తీగల్లో ఒక రకం) అని రాసి, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం ఉన్న సరుకు బజార్లో దొరుకుతుంది. చూడటానికి రాగే. దాని నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. రెండు మూడు సార్లు వంచితే విరుగుతుంది. పీఓఈ కరెంటు పారితే రాగి తీగ కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. దూరపు కెమెరాలు తరచూ ఆగి ఆగి మొదలవడానికి ఇది సాధారణ కారణం. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకితే చాలు: రాగి అయితే లోపల కూడా రాగి రంగే, కల్తీ అయితే తెల్లటి వెండి మెరుపు బయటపడుతుంది. డబ్బా ఎత్తితే కూడా చేతికి తెలిసిపోతుంది, అల్యూమినియం తేలిక. అసలు రాగిలో ఏ రకం అన్న ప్రశ్నకు, క్యాట్ 6 చాలు అన్నది చాలా ఆఫీసులకు సరైన జవాబు. అది 1 గిగాబిట్ 100 మీటర్ల దాకా, 10 గిగాబిట్ 55 మీటర్ల దాకా మోస్తుంది. ఈ తీగను కరెంటు తీగలున్న పైపులోనే దూర్చడం తప్పు. ఖర్చు తగ్గించుకోవడానికి చేసే పనుల్లో ఇంత చెడ్డది మరొకటి లేదు. అది సిగ్నల్‌నే కాదు, పనిచేసే మనుషులనూ ప్రమాదంలో పెడుతుంది.

పెద్ద ఆవరణ అనగానే, యంత్రాలకు తగిలే స్విచ్‌లు, వాటిని కూడగట్టేవి, అన్నింటినీ మధ్యలో కలిపే ఖరీదైన కోర్ స్విచ్‌లు అనే మూడు పొరల నమూనా గుర్తుకొస్తుంది. నిజానికి ఆవరణలో సమస్య పొరలు కావు, ఆరుబయలు. పలాస–కాశీబుగ్గ చుట్టుపక్కల ఉండే జీడిపప్పు కర్మాగారాల వంటి ఒక ఆవరణను తీసుకుందాం. గేటు దగ్గర వేబ్రిడ్జి, లోపల పిక్కలు ఎండబెట్టే కళ్లం, ఉడికించే షెడ్డు, ఒలిచే షెడ్డు, గోదాము, చివరన ఆఫీసు. కంప్యూటర్లు మొత్తం పదిహేను కూడా ఉండవు. మనుషుల సంఖ్యను బట్టి ఇది చిన్న ఆఫీసు, దూరాన్ని బట్టి పెద్దది. వేబ్రిడ్జి నుంచి ఆఫీసుకు 200 మీటర్లుంటే రాగి తీగ అక్కడిదాకా పోదు. మధ్యలో చెట్టుకో స్తంభానికో డబ్బా కట్టి స్విచ్ పెట్టి పొడిగించడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. మొదటి వర్షాకాలంతో దాని కథ ముగుస్తుంది.

భవనం నుంచి భవనానికి ఫైబర్ ఒక్కటే సరైన దారి. దూరం దానికి ఒక కారణం మాత్రమే. రాగి తీగ విద్యుత్తును మోస్తుంది. రెండు భవనాల ఎర్తింగుల మధ్య తేడా ఉన్నా, దగ్గర్లో పిడుగు పడినా ఆ తాకిడి తీగ వెంట పరుగెత్తి రెండు చివరల స్విచ్‌లనూ, వాటికి తగిలి ఉన్న కంప్యూటర్లనూ కాల్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉత్తరాంధ్రలో ఉరుముల వానలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. గాజు పోగులో వెలుతురు తప్ప కరెంటు పారదు. అయితే ఉక్కు కవచం ఉన్న ఫైబర్ కొని, ఆ కవచాన్ని రెండు వైపులా ర్యాక్‌కు తగిలిస్తే మళ్లీ లోహపు దారి వేసినట్టే. కవచానికి సరైన ఎర్తింగు ఇవ్వాలి, లేదా లోహం లేని రకం కొనాలి. రెండు పోగులు చాలే చోట ఆరు గానీ పన్నెండు గానీ ఉన్న తీగ వేయాలి. ఎందుకంటే ఖర్చంతా కందకం తవ్వడంలోనే ఉంది. దూరాలకు వాడే సింగిల్ మోడ్ రకం ఫైబర్ వేస్తే, దాని కొసల దగ్గర స్విచ్‌లో బిగించే మామూలు మాడ్యూళ్లతోనే 10 కిలోమీటర్ల దాకా అందుతుంది, రేపు వేగం పెరిగినా తీగ మార్చే పని ఉండదు.

కందకమా, స్తంభాల మీదుగానా అన్న ప్రశ్నకు ఈ జిల్లాల్లో జవాబు తుపానులే చెప్పాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. ప్రతిసారీ చెట్లూ కరెంటు స్తంభాలూ పడ్డాయి. వాటికి కట్టిన కేబుళ్లూ వాటితోపాటే పడ్డాయి. ఊరి వీధిలోని స్తంభాలు ఆవరణ యజమాని చేతిలో లేవు. ఆవరణ లోపలి దారి మాత్రం అతని చేతిలోనే ఉంది. రెండున్నర, మూడు అడుగుల లోతున, పైపులో, పైన హెచ్చరిక పట్టీ పరిచి వేసిన ఫైబర్ గాలివాన పోయాక కూడా అక్కడే ఉంటుంది. బయటి నెట్ వారం రోజులు రాకపోయినా వేబ్రిడ్జి తూకాలు ఆఫీసు సర్వర్‌లోకి చేరుతూనే ఉండాలంటే, లెక్కల సాఫ్ట్‌వేర్ ఆవరణలోని యంత్రం మీదే నడవాలి. అన్నీ క్లౌడ్‌లోనే పెట్టుకోండని సలహా ఇచ్చేవారు తుపాను తర్వాతి వారాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. నకలు క్లౌడ్‌లో ఉండాలి, పని ఇక్కడ జరగాలి.

అయిదారు భవనాల కళాశాలకు వచ్చేసరికి ఈ సూత్రాలే పెద్దవవుతాయి. ప్రతి భవనంలో ఒక స్విచ్ ఆ భవనంలోని అంతస్తులను కూడగడుతుంది. భవనాలన్నీ మధ్యలోని ప్రధాన స్విచ్‌కు వస్తాయి. పుస్తకాలు చెప్పే మూడు పొరల్లో పై రెండింటినీ ఒకటిగా కలిపేసినా ఈ స్థాయికి లోటు లేదు. డబ్బు పెట్టాల్సింది రెండో దారి మీద. ప్రతి భవనం నుంచి మధ్యకు రెండు ఫైబర్లు ఉండాలి, అవి రెండూ వేర్వేరు కందకాల్లో పోవాలి. ఒకే కందకంలో పక్కపక్కనే వేసిన రెండు ఫైబర్లు, జేసీబీ దృష్టిలో ఒకే ఫైబర్. ప్రయోగశాలలో అరవై కంప్యూటర్లు ఒకేసారి ఆన్‌లైన్ పరీక్ష రాసే రోజున ఈ తేడా తెలుస్తుంది.

ఆ అరవైకి కలిపి మధ్యకు వెళ్లే దారి 1 గిగాబిట్ ఉంటే చాలా అన్న సందేహం తరచూ వస్తుంది. బయటి నెట్ 300 మెగాబిట్లే అయినప్పుడు, పని అంతా బయటి వెబ్‌సైట్లతోనే అయినప్పుడు, 1 గిగాబిట్ ధారాళంగా చాలు. అదే ప్రయోగశాలలో అరవై యంత్రాలూ లోపలి సర్వర్ నుంచి ఒకేసారి పెద్ద సాఫ్ట్‌వేర్ దించుకోవాలంటే ఒక్కొక్కరి వాటా 16 మెగాబిట్లకు పడిపోతుంది. అక్కడ 10 గిగాబిట్ దారి అవసరమే. పని ఎటు ప్రవహిస్తుందో చూడకుండా వేగం నిర్ణయించడం, కాలువ ఏ పొలానికో తెలియకుండా తూము వెడల్పు నిర్ణయించడం లాంటిది.

కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఆఫీసుల్లో ఉప్పుగాలి మరో శత్రువు. చవక కనెక్టర్ల పిన్నుల మీద బంగారు పూత మరీ పలుచన. తుప్పు పట్టి, కదిపితే పనిచేసి, వదిలితే ఆగే పోర్టులు తయారవుతాయి. తలుపు బిగుతుగా మూసుకునే ర్యాక్, తీగలు దూరే రంధ్రాలకు బ్రష్ పట్టీలు, బయటి పెట్టెల్లో కింది వైపు నుంచి మాత్రమే తీగ ప్రవేశం ఉండాలి. గోదాములున్న చోట ఆ రంధ్రాలు మూయడం ఎలుకల వల్ల కూడా అవసరం.

ఇంత చేసినా కాగితం లేకపోతే అంతా ఒక మనిషి తలలోనే ఉంటుంది. ఆ మనిషి విశాఖలో మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, మిగిలినవాళ్లకు నలభై నీలం తీగలు, నలభై పోర్టులు, ఏది ఎక్కడికో తెలియని స్థితి. ప్రతి తీగకూ రెండు కొసలా ఒకే సంఖ్య ఉండాలి: రెండో అంతస్తు, మూడో గది, ఒకటో పాయింటు అయితే 2–3–1. బల్ల దగ్గరి పాయింటు మీదా అదే, ర్యాక్‌లో తీగలన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్ మీదా అదే. స్లాబు మీద పైపులు పరిచిన రోజున, కాంక్రీటు పడకముందు, ఫోనుతో నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీసి ఉంచాలి. అయిదేళ్ల తర్వాత డ్రిల్లు పెట్టేవాడికి ఆ ఫొటోలే నక్షా. చిరునామాల పట్టిక, గుంపుల సంఖ్యలు, ఫైబర్ ఏ గోడ వెంట ఎంత లోతున పోతుందో చూపే గీత, ఫైబర్ కంపెనీ ఫిర్యాదు నంబరు, ఇవన్నీ రాసిన ఒక కాగితం ప్లాస్టిక్ కవరులో ర్యాక్ తలుపు లోపలివైపు అంటించి ఉండాలి. పాస్‌వర్డులు మాత్రం అక్కడ కాదు, యజమాని బీరువాలో.